గుట్టు రట్టు చేయడమా, ఆరా తీయడమా: ‘తజస్ససూ’కు తెలుగు మాట ఏది?

తిరువల్లిక్కేణి పాఠకుడు:
సభ్యులకు నమస్కారం. చాలా ఏళ్ళ క్రితం చేతికి వచ్చిన ఒక తెలుగు కరపత్రంలోని వాక్యం ఈ మధ్య పదే పదే గుర్తుకు వస్తోంది గాని, చివరి క్రియ దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకం తెగిపోతోంది. ‘అనుమానాలకు దూరంగా ఉండండి, కొన్ని అనుమానాలు పాపాలే అవుతాయి, ఒకరి గుట్టు ఒకరు...’ అన్నంతవరకు నిస్సందేహంగా చెప్పగలను. ఆ తరువాత ఉన్నది ‘రట్టు చేయకండి’ అని నా చెవి అంటోంది. అది ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా (అధ్యాయం)లో 12వ ఆయత్ (వాక్యం) అని తెలుసు. నాకు కావలసింది ఆ తెలుగు క్రియ మాత్రమే. ఎవరికైనా ఆ పాఠం గుర్తుందా?

లిపిప్రియుడు, పెరంబూరు:
‘రట్టు’ కుదరదండీ. అరబ్బీ మూలంలో ఉన్నది ‘వ లా తజస్ససూ’. రట్టు చేయడమంటే దొరికినదాన్ని నలుగురిలో పెట్టడం, కానీ ఇక్కడ నిషేధం దొరకబుచ్చుకోవడానికి చేసే ప్రయత్నం మీద పడింది. ఆ ఆయత్‌లో మూడు మెట్లు వరుసగా ఉన్నాయి. మొదటిది మనసులో పుట్టే జన్న్, అంటే అనుమానం. దాన్ని నిజం చేసుకోవడానికి సాగే వెదుకులాట తజస్సుస్. చేతికి చిక్కినదాన్ని మనిషి లేనిచోట చెప్పుకోవడం గీబత్. చచ్చిన సోదరుని మాంసం తినడానికి మీలో ఎవరైనా ఇష్టపడతారా అన్న ప్రశ్న దీని వెంటనే వస్తుంది. మీ ‘రట్టు’ మూడో మెట్టుకు చెందిన మాట. దాన్ని రెండో మెట్టు మీదికి దించితే వెదకడం మీది నిషేధం వాక్యంలోంచి మాయమైపోతుంది. ‘ఆరా తీయకండి’ అని ఉండి ఉంటుంది.

అడయారు మాస్టారు:
లిపిప్రియుడు గారు అర్థం వైపు నుంచి వచ్చారు, నేను చెవి వైపు నుంచి వస్తాను. ‘గుట్టు’ అన్న మాట వాక్యంలో పడ్డాక ‘రట్టు’ రాకుండా ఆపడం తెలుగువాడి తరం కాదు. కరపత్రం రాసినవారు ఆ జంటకు లొంగిపోయి ఉండవచ్చు. అయితే ‘ఆరా తీయు’ అన్నది కూడా నాకు తృప్తిగా లేదు, ఎందుకంటే పక్కింటి పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి ఆయన ఆరోగ్యం గురించి ఆరా తీసేవాడు పాపం చేయడం లేదు. దోషం పట్టుకోవాలన్న కోరిక ఆ మాటలో లేదు. ‘కూపీ లాగడం’లో కోరిక ఉంది గాని పోలీసు వాసన ఎక్కువ. నన్నడిగితే ‘రంధ్రాన్వేషణ’ అంటాను: గోడలో చిల్లు ఎక్కడుందా అని తడుముతూ తిరిగే మనిషి ఆ సమాసంలో కనిపిస్తాడు.

లిపిప్రియుడు, పెరంబూరు:
మాస్టారూ, తడమడం అన్న మాట మీ నోట రావడం విశేషం. ‘జస్స’ అన్న ధాతువుకు మొదటి అర్థం చేత్తో తాకి పరీక్షించడమే; వైద్యుడు నాడి పట్టి చూసేచోటును ‘మజస్స్’ అంటారు. మనకు తెలిసిన ‘జాసూసు’ (గూఢచారి) కూడా ఈ ఇంటివాడే.

మీరు అడిగిన మంచి ఆరా, చెడ్డ ఆరా అన్న తేడాకు అరబ్బీలో ఒకే ఒక్క చుక్క అడ్డుగా నిలిచింది. ‘జీమ్’ అక్షరం కింద చుక్క తీసేస్తే అది గొంతు లోపలినుంచి పలికే ‘హ’ అవుతుంది, అప్పుడు మాట ‘తహస్ససూ’ అవుతుంది. యూసుఫ్ సూరా 87వ ఆయత్‌లో యాకూబ్ ప్రవక్త తన కొడుకులను పంపుతూ, వెళ్ళి యూసుఫ్‌నూ అతని తమ్ముణ్ణీ వెదకండి అన్నప్పుడు వాడినది ఈ ‘హ’ మాటే. ఉర్దూలో ‘హోష్ హవాస్’ అంటామే, ఆ హవాస్, అంటే ఇంద్రియాలు, దీని బంధువులు. తప్పిపోయిన బిడ్డ కోసం కళ్ళూ చెవులూ విప్పుకొని తిరగడానికి ఒక మాట, ఎదుటివాడి లోపం కోసం తడమడానికి ఇంకో మాట అని కొందరు వ్యాఖ్యాతలు తేల్చారు.

కానీ అంత తేలికగా తేలదు. హుజురాత్ ఆయత్‌నే బస్రా నగరపు హసన్ బస్రీ మొదలైన కొందరు ‘హ’తో చదివినట్టు తఫ్సీరులు, అంటే ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు, చెబుతాయి. పదిమంది ప్రసిద్ధ ఖారీల (ఖుర్ఆన్ పఠనాచార్యుల) పఠనాలలో అది లేదు, వారందరిదీ ‘జ’యే. తొలినాటి రాతప్రతులలో చుక్కలు చాలా అరుదు కాబట్టి ఇలాంటి చోట్ల కంటికన్నా నోటిపరంపరే ప్రమాణం. పైగా బుఖారీ, ముస్లిం అనేవారి సంకలనాలు రెండింటిలోనూ ఉన్న హదీసులో (ప్రవక్త మాటల కథనంలో) ప్రవక్త ముహమ్మద్ (స) అనుమానాన్ని అన్నిటికన్నా పెద్ద అబద్ధపు మాట అని చెప్పి, వెంటనే ‘వ లా తహస్ససూ, వ లా తజస్ససూ’ అని రెండింటినీ పక్కపక్కనే నిషేధించారు. అక్కడ ‘హ’ మాట మంచిది ఎలా అవుతుంది? ఒకటి చాటునుంచి వినడం, ఇంకొకటి వెదకడం అన్నవారున్నారు. ఒకటి తన కోసం, ఇంకొకటి మరొకరి తరఫున అన్నవారూ ఉన్నారు.

వేమన వీరాభిమాని:
ఇంత దూరం వెళ్ళవలసిన పని లేదు. మన వేమన ఎప్పుడో చెప్పేశాడు:

తప్పులెన్నువారు తండోపతండంబు
లుర్విజనులకెల్ల నుండు తప్పు
తప్పులెన్నువారు తమతప్పు లెరుగరు
విశ్వదాభిరామ వినుర వేమ

హుజురాత్ ఆయత్‌కు ఇంతకు మించిన తెలుగు ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఆ కరపత్రంలో ‘తప్పులెన్నకండి’ అనే ఉండాలి.

అడయారు మాస్టారు:
వేమన మీద ప్రేమ మీకెంతో నాకూ అంతే గాని, ఇక్కడ ‘ఎన్ను’ ధాతువు అడ్డం తిరుగుతుంది. ఎన్నడమంటే లెక్కపెట్టడం, ఎంచడం. లెక్కపెట్టాలంటే వస్తువు ముందే కళ్ళెదుట ఉండాలి. వేమన మందలిస్తున్నది బయటికి కనబడుతున్న ఎదుటివాడి తప్పును ఎంచి, కనబడని తన తప్పును మరిచినవాణ్ణి. ఆయన వాదానికి ఆధారం ‘ఉర్విజనులకెల్ల నుండు తప్పు’ అన్న సమానత్వం: నీకూ ఉంది, నాకూ ఉంది, ఇక ఎవరు ఎవరిని ఎంచాలి? హుజురాత్ ఆయత్‌కు ఆ ఆధారం అక్కర్లేదు. వెదికేవాడు మచ్చలేనివాడే అయినా వెదకకూడదు.  

నెల్లూరి ఆడపడుచు:
మాస్టారు గారూ, మీరు చేసిన ఆ తేడా మా ఇళ్ళలో పిల్లలకు ఒక కథతో చెబుతారు. ఇస్లామీయ పండితుడు గజాలీ (1058–1111) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో చెప్పిన కథనం అది. ఖలీఫా ఉమర్ ఒక ఇంటి గోడ ఎక్కి లోపలికి చూసి, అక్కడ ఒక మనిషి తప్పుపని చేస్తుండగా పట్టుకొని గద్దించారు. ఆ మనిషి ఏమాత్రం తొణకకుండా, నేను దేవుని ఆజ్ఞ ఒకటి మీరితే మీరు మూడు మీరారు అన్నాడు: ఆరా తీయవద్దని ఉండగా తీశారు, ఇళ్ళలోకి ద్వారాల గుండా రమ్మని ఉండగా (ఖుర్ఆన్ 2:189) గోడ ఎక్కి వచ్చారు, అనుమతి అడిగి సలాం చెప్పనిదే పరుల ఇంట్లో అడుగుపెట్టవద్దని ఉండగా (24:27) అదీ చేయలేదు. ఉమర్ అతని చేత పశ్చాత్తాపపడతానని అనిపించుకొని వదిలి వెళ్ళిపోయారు. గమనించండి, అతను తప్పు చేయలేదనో, ఆయన కూడా తప్పులున్నవారేననో వాదన జరగలేదు. తప్పు తప్పుగానే ఉంది. దాన్ని చూసిన దారి చెల్లలేదు.

గజాలీ దీన్ని నియమంగానే పెట్టాడు: వారించవలసిన చెడు వెదకకుండానే బయటపడి ఉండాలి, అది చెడు అన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉండకూడదు. ఈ రెండో నియమానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఉడుము జాతి జంతువును తినే షాఫియీని హనఫీ ఆక్షేపించరాదన్నది (ఇవి రెండూ మజ్‌హబ్‌లు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు). చెన్నపట్నంలో మాకు ఉడుము బదులు రొయ్య ఉంది. మేము ఉర్దూ ఇంటివాళ్ళం, హనఫీలం. మా మజ్‌హబ్‌లో సముద్రంలోంచి చేప మాత్రమే హలాల్, రొయ్య చేపా కాదా అన్నదాని మీద మా పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. మా వదిన పుట్టిల్లు తమిళ తీరప్రాంతం, వాళ్ళు షాఫియీలు, సముద్రంలోది ఏదైనా తింటారు. పండుగనాడు ఒకే దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) మీద రొయ్యల కూర ఉంటుంది, మా నాన్నగారు దాన్ని ముట్టరు, పక్కవారి పళ్ళెంలోకి చూడరు. నా హద్దు నా చేతిని ఆపాలి గాని ఎదుటివారి చేతిని కాదని ఆయన ఏనాడూ ఉపన్యసించలేదు. గిన్నెను పక్కకు అందించేవారు.

ఇంతకీ మాటకు వస్తే, ‘ఆరా’నే నేను సమర్థిస్తాను. ఈ ఊళ్ళో అద్దె ఇంటికోసం తిరిగినవారిని అడగండి, ‘మీరేం తింటారు, ఇంటికి ఎవరెవరు వస్తారు’ అన్న ప్రశ్నలను వాళ్ళు ఏమంటారో. ‘ఆరా తీశారండీ’ అనే అంటారు. ఆ మాటలో చెడు లేదని అనుకోవడం ఆరా తీయబడనివారి అదృష్టం.

తిరువల్లిక్కేణి పాఠకుడు:
అమ్మా, మీ ఉదాహరణ చాలా బాగుంది. అయితే ‘గుట్టు’ అన్న మాట నాకు స్పష్టంగా గుర్తుంది, ‘గుట్టు ఆరా తీయకండి’ అని తెలుగులో ఎవరూ అనరు కదా?

లిపిప్రియుడు, పెరంబూరు:
‘గుట్టు విప్పకండి’ అయి ఉండవచ్చా? లేక ‘గుట్టు లాగకండి’? అదీ కాకపోతే ‘గుట్టు’ అన్నది మీ జ్ఞాపకం తరువాత కలిపిన మాట కావచ్చు. కోపగించుకోకండి.

వేమన వీరాభిమాని:
అందరూ చూడవద్దు, అడగవద్దు అంటున్నారు. అలాగైతే కళ్ళ ముందు అన్యాయం జరిగినా నోరు మూసుకోవాలా? ‘మీ గురించి మీరు చూసుకోండి, మీరు సరైన దారిలో ఉంటే దారి తప్పినవాడు మీకు హాని చేయలేడు’ అని కూడా ఖుర్ఆన్‌లో ఉందని విన్నాను. వేమన అయితే నోరు మూసుకోలేదు, గుండు గీయించుకున్నవాడినీ బూడిద పూసుకున్నవాడినీ మొహం మీదే అడిగాడు.

లిపిప్రియుడు, పెరంబూరు:
మీరు చెప్పింది మాయిదా సూరా 105వ ఆయత్. దాన్ని అలా వాడకూడదని మొదట హెచ్చరించినవారు సాక్షాత్తు మొదటి ఖలీఫా అబూబక్రే. మీరు ఈ ఆయత్‌ను చదివి దాని చోటు కాని చోట పెడుతున్నారని, ప్రజలు చెడును చూసి కూడా మార్చకపోతే అందరినీ శిక్ష చుట్టుకుంటుందని ప్రవక్త చెప్పగా విన్నానని ఆయన అన్నట్టు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. చెడును చూసినవాడు చేత్తో, చేతకాకపోతే నోటితో, అదీ చేతకాకపోతే మనసుతో మార్చాలన్న హదీసు ఎలాగూ అందరికీ తెలిసినదే. అందులోని క్రియ ‘రఆ’, అంటే చూడడం. చూసినవాడికి బాధ్యత, వెదికేవాడికి నిషేధం. ఈ రెండింటి మధ్య గీత తెలుగులో ఏ క్రియతో నిలుస్తుందన్నదే మన తగాదా.

నెల్లూరి ఆడపడుచు:
నోరు విప్పే హక్కు కూడా ఉంది. చెడును బాహాటంగా చెప్పడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవారు చెబితే తప్ప (4:148). అబూ సుఫ్యాన్ భార్య హింద్ ప్రవక్త దగ్గరికి వచ్చి, నా భర్త పిసినారి, నాకూ నా బిడ్డకూ చాలినంత ఇవ్వడు అన్నప్పుడు, భర్త గురించి చాటున మాట్లాడుతున్నావేమని ఆయన మందలించలేదు; న్యాయంగా చాలినంత అతని సొమ్ములోంచి తీసుకో అన్నారు. సహనం పేరుతో ఆడవాళ్ళ నోరు మూయించేవారు ఈ హదీసును అంత తరచుగా చెప్పరు, ఎందుకో మరి.

అడయారు మాస్టారు:
అంటే ఇంటి గుట్టును ఆ తల్లి రట్టు చేసింది, తప్పు కాలేదు! ‘రట్టు’కు పాత అర్థం అల్లరి, అపకీర్తి. రట్టుపడడం అంటే నవ్వులపాలు కావడం. అల్లరి పెట్టడానికి చెప్పడం వేరు, న్యాయం కోసం చెప్పుకోవడం వేరు.

తిరువల్లిక్కేణి పాఠకుడు:
మా పేటలోని వాలాజా మసీదును తలచుకోకుండా ఉండలేకపోతున్నాను. దానిలో రాతి మీద చెక్కిన పారశీక పద్యం నవాబుల కొలువులోని రాజా మఖన్ లాల్ ఖిరత్ అనే హిందూ కవిది. ‘జిక్రుల్లాహి అక్బర్’ (దైవస్మరణే మిన్న) అన్న మాటల్లోని అరబ్బీ అక్షరాలకున్న సంఖ్యావిలువలు కూడితే కట్టిన ఏడు వస్తుంది: జిక్ర్ 920, అల్లాహ్ 66, అక్బర్ 223, మొత్తం హిజ్రీ 1209, అంటే సుమారు 1795. ఆ మాట రాసినప్పుడు ఆయన లోపల ఏమి నమ్మాడో ఎవరూ తవ్వి చూడలేదు.

లిపిప్రియుడు, పెరంబూరు:
దానికి తగిన హదీసు ముస్లిం సంకలనంలో ఉంది. యుద్ధంలో ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’ (అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడు) అన్న మనిషిని ప్రవక్త అనుచరుడు ఉసామా చంపి, ఆయుధానికి భయపడి అన్నాడని సంజాయిషీ ఇచ్చినప్పుడు, ‘అతని గుండె చీల్చి చూశావా?’ అని ప్రవక్త అడిగారు. మాస్టారు గారి ‘రంధ్రాన్వేషణ’కు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నేను ఇవ్వలేను. అయినా నా ఓటు ‘ఆరా’కే.

ఒక చిన్న చేర్పు. అసలు రూపం ‘తతజస్ససూ’, రెండు త-కారాలలో ఒకటి లోపించింది. మక్కా పఠన సంప్రదాయంలో అల్ బజ్జీ మాత్రం ఆ రెండో త-కారాన్ని పోనివ్వక ‘వ లాత్తజస్ససూ’ అని ద్విత్వంతో చదువుతాడు.

అడయారు మాస్టారు:
బజ్జీ గారి ద్విత్వంతో మన గణాలకు నష్టమేమీ లేదు. ‘లా’ ముందే గురువు, వెనక ‘త్త’ వచ్చినా గురువే. వ లా త, జస్ స సూ: జ గణం, ర గణం. పంచచామర వృత్తం ఎత్తుగడ అచ్చంగా ఇదే!

నెల్లూరి ఆడపడుచు:
మాస్టారు గారూ, పద్యంలో పెట్టకండి. మేము అతనికి (ప్రవక్తకు) కవిత్వం నేర్పలేదు, అది అతనికి తగదు అని యాసీన్ సూరా 69వ ఆయత్‌లో ఉంది.

అడయారు మాస్టారు:
పద్యమని అనలేదమ్మా, నడక కలిసిందన్నాను. మన వచనంలోనూ ఇలా కలుస్తూనే ఉంటాయి. ‘రంధ్రాన్వేషణ’ మాత్రం ఏ గణంతో చూసినా నేను వదులుకోను.