బ్యాండ్, బ్యాండ్‌విడ్త్ ఒకటేనా? వైఫైకి లైసెన్సు ఎందుకు లేదు?

హనుమకొండ విద్యార్థిని:
పెద్దలకు నమస్కారం. నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. బ్యాండ్, బ్యాండ్‌విడ్త్ అనే మాటల మధ్య తేడా తెలియడం లేదు. మొబైల్ కంపెనీలు వేలంలో స్పెక్ట్రం, అంటే రేడియో తరంగాల వాటా, కొనవలసి ఉండగా, ఇంటి వైఫైకి లైసెన్సు ఎందుకు అక్కరలేదో కూడా దయచేసి వివరించగలరు.

కాజీపేట, విశ్రాంత టెలికాం ఉద్యోగి:
అమ్మా, తరంగాల పౌనఃపున్యాలను పొలంతో పోలిస్తే, పొలం ఏ శివారులో ఉందో చెప్పేది బ్యాండ్ అనుకుంటే, అది ఎన్ని గుంటలో చెప్పేది బ్యాండ్‌విడ్త్. 700 మెగాహెర్ట్జ్ (సెకనుకు 70 కోట్ల కంపనాల) తరంగాలు ఎక్కువ దూరం పోయి గోడలను కూడా బాగా దాటుతాయి కనుక పల్లెలకు అనువైనవి. 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో వెడల్పు, అంటే బ్యాండ్‌విడ్త్, ఎక్కువగా దొరకడం వల్ల వేగం పెరుగుతుంది కానీ, టవర్లు దగ్గర దగ్గరగా నిలపవలసి వస్తుంది. 5జీ అనేది సాంకేతిక తరం పేరే తప్ప బ్యాండ్ పేరు కాదు. దుకాణాల్లో 5 గిగాహెర్ట్జ్ వైఫైని 5జీ అని అమ్మడం చూస్తే నవ్వొస్తుంది.

కరీంనగర్ నుంచి:
వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నిర్దేశించిన తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు మినహాయింపు ఉంది. అయితే పక్కింటి రౌటర్ వల్ల ఆటంకం కలిగినా రక్షణ కోరే హక్కు ఉండదు. మరొక మాట: 1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వేలం ధరలను సిఫారసు మాత్రమే చేస్తుంది, స్పెక్ట్రంను కేటాయించేది కేంద్ర టెలికాం శాఖ.

హనుమకొండ విద్యార్థిని:
ధన్యవాదాలండీ. గుంటల పోలికతో నా సందేహం తీరింది.