కటింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి? మూడు షాపులు, మూడుచోట్లా పరాయివాణ్నే

రింగులజుట్టు:
అట్లాంటా శివారుకి మారి నాలుగు నెలలైంది. ఇప్పటికీ ఒక కటింగ్ షాపు కుదరలేదు. నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. నాది దట్టమైన రింగుల జుట్టు. మనిషిని కూడా బాగా నలుపు.

మొదటి షాపు ఇంటి పక్కనే. చేసేవాళ్లూ చేయించుకునేవాళ్లూ దాదాపు అందరూ తెల్లవాళ్లే. అడుగుపెట్టగానే కౌంటర్ దగ్గరున్నామె నా తలవంక చూసి "అపాయింట్‌మెంట్ ఉందా?" అంది. లేదన్నాను. "ఈ రకం జుట్టు మా దగ్గర ఎవరూ చేయరు" అంది, నవ్వుతూనే. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

రెండోది నల్లవాళ్ల షాపు. నేను వెళ్లేసరికి లోపల బాస్కెట్‌బాల్ మీద వాదన మంచి రసపట్టులో ఉంది. నేను తలుపు తీయగానే ఆగిపోయింది. ఒక పెద్దాయన తలూపాడు. కూర్చున్నాను. 40 నిమిషాలు. నా తర్వాత వచ్చిన ముగ్గురు కుర్చీ ఎక్కారు. నన్నెవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. లేచి వచ్చేశాను.

మూడోది మనవాళ్లది, 25 మైళ్లు. అక్కడికి వెళ్లాలని లేదు.

నా ప్రశ్న ఒకటే. రెండో షాపుకి మళ్లీ వెళ్తే వాళ్ల చోటులోకి చొరబడినట్టు అవుతుందా?

డాలస్_బాబాయ్:
మొదటి షాపు అద్దం మీద "వాక్-ఇన్", అంటే అపాయింట్‌మెంట్ లేకుండా రావచ్చు అని, రాసుందా లేదా? ముందది చెప్పు. రాసి లేకపోతే ఆమె అడిగింది సరైన ప్రశ్నే. 25 ఏళ్ల నుంచి ఉన్నాను ఈ దేశంలో, నన్నెవరూ ఏమీ అనలేదు. కూర్చుంటాను, మిషన్ సైజు "నంబర్ 3" అంటాను, 5 డాలర్లు టిప్పు పెట్టి వచ్చేస్తాను. మంగలి షాపు దగ్గర ఇంత వేదాంతం అవసరమా తమ్ముడూ?

చలిదేశం:
బాబాయ్ గారి తల మీద మిగిలినదానికి ఏ షాపైనా ఒకటే లెండి.

నల్లరేగడి:
బాబాయ్ గారూ, అద్దం సంగతి పక్కన పెట్టండి. "ఈ రకం జుట్టు మాకు రాదు" అన్న మాట నిన్న మొన్నటిది కాదు. ఒహాయోలో యెల్లో స్ప్రింగ్స్ అని చిన్న కాలేజీ ఊరుంది. అక్కడ లూయిస్ గెగ్నర్ అనే బార్బర్ నల్లవాళ్లకు కటింగ్ చేయనన్నాడు. ద్వేషం ఏమీ లేదట, ఆ జుట్టు కత్తిరించడం తెలియదట. 1964 మార్చిలో విద్యార్థులు వీధిలో బైఠాయిస్తే వందమందికి పైగా అరెస్టయ్యారు. ఆయన చివరికి షాపు మూసేశాడు గానీ కత్తెర మాత్రం పట్టలేదు.

అదే ఏడాది జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. వివక్ష చూపకూడని చోట్ల జాబితాలో హోటళ్లు, రెస్టారెంట్లు, సినిమా హాళ్లు ఉన్నాయి. కటింగ్ షాపు పేరు విడిగా లేదు. హోటల్ లోపల ఉన్న షాపైతే దాని కిందికి వస్తుంది. వీధిలో ఉన్నదానికి రాష్ట్రం చట్టమో, 1866 నాటి పాత చట్టమో పట్టుకోవాలి. అంటే ఒక మనిషి ఇంకో మనిషి తల ముట్టుకోవడం అన్న దగ్గరకొచ్చేసరికి చట్టానికి కూడా నోరు పెగల్లేదు. అదీ సంగతి.

డాలస్_బాబాయ్:
కథ బాగుంది. అద్దం మీద ఏముంది?

రింగులజుట్టు:
సరిగ్గా గుర్తులేదు బాబాయ్ గారూ. రాసున్నట్టే గుర్తు.

డాలస్_బాబాయ్:
"రాసున్నట్టే గుర్తు." ఇదీ మనవాళ్ల సాక్ష్యం. దీనిమీద 1964 చట్టం దాకా వెళ్లిపోయారు.

కత్తెరసాము:
రెండో షాపు గురించి నాకు తెలిసింది చెబుతాను. అలాంటి షాపుల్లో చాలాచోట్ల బార్బర్లు జీతగాళ్లు కారు. ఒక్కొక్కరు ఒక్కో కుర్చీకి వారానికింత అని ఓనరుకి అద్దె కడతారు. ఎవరి కస్టమర్లు వాళ్లవి. నీ తర్వాత వచ్చిన ముగ్గురూ ఫోన్లో ముందే బుక్ చేసుకునుంటారు, లేదా ఏళ్ల తరబడి ఒకే మనిషి దగ్గరికి వస్తుంటారు. నువ్వు మూల కూర్చుంటే ఎవరికోసం కూర్చున్నావో వాళ్లకెలా తెలుస్తుంది? తలుపు తీస్తూనే "ఎవరు ఖాళీ?" అని గట్టిగా అడగాలి. అందరికీ వినిపించేలా అడగాలి. అంతే. రింగుల జుట్టుకి, పక్కన ఫేడ్ (కిందికి వచ్చేకొద్దీ జుట్టు పొట్టిగా అయ్యేలా) దించడానికి మంచి చేయి దొరికేది కూడా అక్కడే.

ఇంకోటి. బాబాయ్ గారూ, ఆ "మంగలి షాపు దగ్గర వేదాంతం" అన్న మాట బాగాలేదు.

డాలస్_బాబాయ్:
తెలుగులో ఉన్న మాటే అన్నాను, తిట్టు కాదు. ఈమధ్య ఏది అన్నా తప్పే.

శారద_ఫార్మసీ:
కుర్చీ అద్దె సంగతి తెలియక నేనూ ఆశ్చర్యపోయాను. కానీ చొరబాటా అన్న ప్రశ్నకి ఇంకెవరూ జవాబు చెప్పలేదు.

నేను ఫార్మసిస్టుని. మా వృత్తిలో చాలామందికి తెలిసిన పరిశోధన ఒకటుంది, 2018లో వచ్చింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 52 నల్లవాళ్ల బార్బర్ షాపులు, బీపీ ఎక్కువున్న 319 మంది. కొన్ని షాపులకు ఫార్మసిస్టులే వెళ్లి, కటింగ్‌కి వచ్చినప్పుడే బీపీ చూసి మందు రాశారు. మిగతా షాపుల్లో బార్బరే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పాడు. ఆరు నెలలకి ఫార్మసిస్టులున్న చోట పై సంఖ్య సగటున 27 దాకా తగ్గింది, రెండోచోట 9 చిల్లర. ఆస్పత్రి అంటే నమ్మకం లేని మనుషులు బార్బర్ పక్కన ఉంటే చేయి చాచారు.

అది వాళ్ల రచ్చబండ. రచ్చబండ దగ్గరికి కొత్తమనిషి వస్తే మాట ఆగుతుంది, అది ద్వేషం కాదు. కానీ అందరం "చవగ్గా, బాగా చేస్తారు" అని అక్కడికే ఎగబడితే అది రచ్చబండగా మిగులుతుందా? నాకు తేలడం లేదు.

చలిదేశం:
బీపీ సంగతేమో గానీ ఈ చర్చ చదివితే పెరుగుతోంది.

డాలస్_బాబాయ్:
శారద గారు చెప్పిందే నేనూ అంటున్నది. వాళ్లది వాళ్లది, మనది మనది. మన షాపు ఉందిగా? 25 మైళ్లు ఈ దేశంలో దూరమా? చిన్న కూరగాయల సంచీ కోసం 30 మైళ్లు వెళ్లేవాళ్లం మనం. మనవాళ్లని వదిలేసి అక్కడికీ ఇక్కడికీ పోవడం, ఆనక చూశారు, ఆగారు అని బాధపడటం. అసలు ఆ రెండో షాపులాంటి చోటికి చీకటి పడ్డాక వెళ్లొద్దు, అది మాత్రం చెబుతున్నాను.

నల్లరేగడి:
"అలాంటి చోటు" అంటే ఎలాంటిది బాబాయ్ గారూ? 25 ఏళ్లలో ఎన్నిసార్లు నల్లవాళ్ల షాపులో కూర్చున్నారు?

డాలస్_బాబాయ్:
అవసరం పడలేదు.

శారద_ఫార్మసీ:
బాబాయ్ గారూ, నేను "మనది మనది" అనలేదు. నా మాటలు మీ సంచీలో వేసుకోకండి.

రింగులజుట్టు:
మన షాపుకి ఎందుకు వెళ్లనో చెప్పకూడదనుకున్నాను. వెళ్లాను, రెండుసార్లు.

మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టి గుడ్డ కట్టాక, పక్క కుర్చీలో ఉన్నాయన మొదలుపెట్టాడు. ఏ ఊరు? ఆ ఊళ్లో ఎటువైపు? ఇంటిపేరు ఏంటి? ఇంటిపేరు చెప్పాక కాసేపు ఆలోచించి, "అంటే మీరు..." అని ఆగాడు. నేనేమీ అనలేదు. అద్దంలో అందరూ కనిపిస్తూనే ఉంటారు కదా. ఆయన బార్బర్‌వంక చూసిన చూపు చూశాను. బార్బర్ తల దించుకుని పని చేసుకున్నాడు. రెండోసారి వెళ్తే ఇంకెవరో, అవే ప్రశ్నలు, అదే వరసలో.

మొదటి షాపులో ఆమె నా జుట్టు చూసి వద్దంది. ఇక్కడ నా జుట్టుని ఎవరూ చూడనే లేదు.

డాలస్_బాబాయ్:
ఇంటిపేరు అడగడం కూడా నేరమేనా? మనవాళ్లు కలిస్తే ఏ ఊరు అని అడగరా? చుట్టరికం కలుస్తుందేమో అని అడుగుతారు.

నల్లరేగడి:
ఏ చుట్టరికం కలుస్తుందో చూడటానికే అడుగుతారు. అక్కడే వచ్చింది తంటా.

గాంధీగారు ఆత్మకథలో రాసుకున్నారు. ప్రిటోరియాలో ఒక ఇంగ్లీషు బార్బర్ ఆయనకి కటింగ్ చేయనన్నాడు. ఆయన క్లిప్పర్ కొనుక్కుని అద్దం ముందు తనే కత్తిరించుకున్నారు. వెనకవైపు పాడైంది. కోర్టులో స్నేహితులు ఎలుకలు కొరికాయా అని నవ్వారు. ఆ తర్వాత ఆయన రాసింది మీరు చదవాలి. ఆ బార్బర్ తప్పేమీ లేదు, నల్లవాళ్లకు చేస్తే అతని బేరం పోతుంది, మనం మన బార్బర్లని అంటరానివారికి చేయనిస్తున్నామా, ఇది మన పాపానికి శిక్ష అన్నారు. 25 ఏళ్లుగా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదంటే, అడిగే వైపున ఉన్నారు గనక.

1923లో భగత్ సింగ్ థిండ్ కూడా ఇక్కడి పౌరసత్వం కోసం అమెరికా సుప్రీంకోర్టులో తాను పై కులంవాణ్ని, ఆర్యుణ్ని, కాబట్టి తెల్లవాణ్నే అని వాదించుకున్నాడు. కుదరదంది కోర్టు. ఆ కుర్చీలో మీకు కూడా ఖాళీ లేదు బాబాయ్ గారూ.

రింగులజుట్టు:
సతారాలో చిన్నప్పుడు అంబేడ్కర్‌కి జుట్టు కత్తిరించింది వాళ్ల అక్క. ఊళ్లో బార్బర్లు లేక కాదు, ఇవ్వడానికి డబ్బుల్లేక కాదు.

మా నాన్నకి మా నాయనమ్మ.

కత్తెరసాము:
ఒక్క నిమిషం. గాంధీగారి మాట చెప్పి అందరూ బార్బర్‌ని క్షమించేశారు. సంతోషం. ఇక్కడ బార్బర్ కొడుకు ఒకడున్నాడు, వాణ్ని ఎవరూ అడగలేదు.

మా నాన్నకి ఏడాదికోసారి రైతులు వడ్లు కొలిచేవాళ్లు, మేర అనేవాళ్లం. ఇళ్లకు వెళ్లి పెరట్లో కూర్చుని చేయాలి, వసారా ఎక్కకూడదు. ఒక ఏడాది పండక్కి ముందు, అవతలి పేటలో పెళ్లి ఉందని వచ్చి బతిమాలితే చీకట్లో వెళ్లి ఇద్దరికి చేసొచ్చాడు. ఎవరో చూశారు. ఆ ఏడు సగం ఇళ్లు మేర కొలవలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ వెళ్లలేదు. రింగులజుట్టు తమ్ముడి నాన్నకి చేయని బార్బర్ మా నాన్నలాంటివాడే అయ్యుంటాడు. నేను దానికి ఏం చెప్పాలో నాకు తెలియదు. పేదరికం అని చెప్పుకుంటే నాకే రోతగా ఉంటుంది. పాపం అని ఒప్పుకుంటే, మేర ఆపినవాళ్ల మనవలు ఇక్కడ కూర్చుని లైకులు కొడతారు.

మీ అట్లాంటాలోనే అలోంజో హెర్న్‌డన్ ఉండేవాడు. 1858లో బానిసగా పుట్టాడు. పీచ్‌ట్రీ వీధిలో పాలరాయి పరిచిన కటింగ్ షాపు పెట్టాడు, తర్వాత బీమా కంపెనీ పెట్టి కోటీశ్వరుడయ్యాడు. ఓనరు నల్లవాడు, బార్బర్లు నల్లవాళ్లు, కుర్చీలో కూర్చునేది మాత్రం తెల్లవాళ్లు. తన షాపులో తాను కస్టమరుగా కూర్చోలేడు. 1906 అల్లర్లలో మూక వచ్చి అదే షాపు మీద పడింది. నేను ఆయన ఫొటో చూసినప్పుడల్లా మా నాన్నే గుర్తొస్తాడు, డబ్బు ఒక్కటే తేడా.

కాబట్టి "మంగలి షాపు" అన్నప్పుడు నాకు మండింది, బాబాయ్ గారూ. మాట వల్ల కాదు. వేదాంతం మాకెందుకు అన్నట్టు అన్నారు చూడండి, అందుకు.

చలిదేశం:
(ఈసారి జోకులు లేవు.)

డాలస్_బాబాయ్:
కత్తెరసాము గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లరేగడికి మాత్రం ఒకటి చెప్పాలి. ఎవరూ ఏమీ అనలేదన్నది పూర్తి నిజం కాదు. 2001 సెప్టెంబర్, నేను ఈ దేశం వచ్చి ఆరు నెలలు. టవర్లు కూలిన వారంలోనే, సోమవారం ఇంటర్వ్యూ ఉందని కటింగ్‌కి వెళ్లాను. బార్బర్ మెడ వెనక కత్తి పెట్టి, అక్కడే ఆపి, "ఎక్కడివాడివి?" అని అడిగాడు. ఇండియా అన్నాను. అయినా కత్తి కదల్లేదు. "హిందువుని, ముస్లింని కాదు" అన్నాను. కదిలింది. డబ్బులిచ్చి బయటికొచ్చి కారులో కూర్చుంటే కాళ్లు వణికాయి. ఆ రోజు నన్ను నేను ఎవరికి ఎదురుగా నిలబెట్టుకుని బతికానో ఇప్పటికీ తలుచుకోను. అప్పటినుంచే "నంబర్ 3" తప్ప ఏ షాపులోనూ మాట్లాడను. అద్దం మీద వాక్-ఇన్ అని రాసి లేకపోతే లోపలికే వెళ్లను. ఏదో ఒక రూలు ఉండాలి కదా మనిషికి.

శారద_ఫార్మసీ:
బాబాయ్ గారూ...

నల్లరేగడి:
ఇది మీరు మొదటి పోస్టులో చెప్పుంటే నేను సగం మాటలు అనేవాణ్ని కాదు. మిగతా సగం మాత్రం అనేవాణ్నే. ఇంటిపేరు విషయం అలాగే ఉంది.

డాలస్_బాబాయ్:
ఉండనీ. దాని మీద నా అభిప్రాయం మారలేదు. అడిగే పద్ధతి బాగాలేదంటే ఒప్పుకుంటాను.

రింగులజుట్టు:
నిన్న సాయంత్రం రెండో షాపుకి వెళ్లాను. తలుపు దగ్గరే నిలబడి "ఎవరు ఖాళీ?" అన్నాను, గొంతు కొంచెం ఎక్కువే లేచింది. మళ్లీ మాట ఆగింది. ఎవరూ ఖాళీ లేరు. కిటికీ పక్క కుర్చీ ఆయన తన ఫోన్ చూసి, గురువారం నాలుగున్నరకి రమ్మన్నాడు. పేరు అడిగాడు. ఇంటిపేరు చెప్పబోతే, అక్కర్లేదు ముందు పేరు చాలన్నాడు. నేను బయటికి వచ్చేలోపే బాస్కెట్‌బాల్ మళ్లీ మొదలైంది.

శారద గారి ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. గురువారం వెళ్తాను, అంతే.

కత్తెరసాము:
పక్కన నంబర్ 2 అడుగు, పైన కత్తెరతోనే చేయమను. టిప్పు మర్చిపోకు.

డాలస్_బాబాయ్:
వాళ్ల అద్దం మీద వాక్-ఇన్ అని ఉందా?