పాత ద్వారబంధం టేకుతో ఎలక్ట్రిక్ గిటార్ చేయొచ్చా? వడ్రంగం కొత్త, సలహా కావాలి

కొవ్వూరు కుర్రాడు:

అందరికీ నమస్తే. కొవ్వూరులో మా తాతయ్య వాళ్ల పెంకుటిల్లు ఈ మధ్య విప్పించేశారు. పెంకులు, దూలాలు అన్నీ అమ్మేశారు కానీ ద్వారబంధాలు, ఒక జత తలుపులు మాత్రం నేను అమ్మనివ్వలేదు. అంతా టేకే. ద్వారబంధం ముక్కలు ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్నాయి, పొడవు బాగానే ఉంది. వీటితో ఎలక్ట్రిక్ గిటార్ చేసుకోవాలని చాలా రోజులుగా మనసులో ఉంది. గిటార్ వాయిస్తాను, తీగలు మార్చడం, చిన్న చిన్న సెట్టింగులు వచ్చు. వడ్రంగం అంటే ఇంట్లో పుస్తకాల అల్మరా, చెప్పుల స్టాండ్ చేశాను, అంతే. డ్రిల్లు, జిగ్‌సా ఉన్నాయి. రూటర్ (కలపలో గాడులు, గూళ్లు తొలిచే మిషను) లేదు. ఉండేది మియాపూర్‌లో ఫ్లాట్, బాల్కనీలోనే పని చేసుకోవాలి.

అడగాల్సినవి: టేకు బరువని, సౌండ్ బాగుండదని కొందరంటున్నారు, నిజమేనా? నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగాటి కాడ) కూడా నేనే చేయాలా, కొనాలా? రూటర్ లేకుండా అయ్యే పనేనా? లెస్ పాల్ (గిబ్సన్ కంపెనీ మోడల్) షేప్ అంటే నాకు చాలా ఇష్టం, మొదటిసారే అది పెట్టుకోవచ్చా? ఈ కలప మళ్లీ దొరకదు, అందుకే పాడు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆరు తీగలు:

నెక్ కొనండి, బాడీ మీరు చేయండి. మొదటి గిటార్‌కి నేను ఎవరికైనా ఇదే చెప్తాను.

ఎందుకంటే నెక్‌లో పని అంతా అర మిల్లీమీటరు లోపల జరగాలి. ఫెండర్ కంపెనీ గిటార్ల కొలత తీసుకుంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) నట్ నుంచి 36.4 మి.మీ. దగ్గర, 12వది సరిగ్గా సగంలో 324 దగ్గర వస్తాయి. పైకి పోయేకొద్దీ గడులు ఇరుకవుతాయి, 20వ ఫ్రెట్ దాటాక ఒక్కో గడి పదకొండు మి.మీ. ప్రాంతంలోనే ఉంటుంది. అక్కడ అర మిల్లీమీటరు తేడా పడినా స్వరం కొద్దిగా తప్పుతుంది, తర్వాత సరిచేసే దారి కూడా ఉండదు. దానికి తోడు ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పెట్టే ఇనుప కడ్డీ) గాడి, ఫ్రెట్లు దిగ్గొట్టడం, వాటిని ఒకే మట్టానికి తేవడం, వీటన్నిటికీ వేరే పనిముట్లు కావాలి. బాడీలో అలా కాదు, అంచు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోతే ఎవరికీ కనపడదు.

షేప్ సంగతి. లెస్ పాల్ వద్దు, ఇప్పుడైతే వద్దు. దాని పైభాగం ఉబ్బెత్తుగా చెక్కాలి, నెక్ నాలుగు డిగ్రీల దాకా వెనక్కి వాల్చి జిగురుతో అతికించాలి. ఫెండర్ వాళ్ల టెలీకాస్టర్ (టెలీ) పెట్టుకోండి. అది చదునైన పలక, నెక్ వంపు లేకుండా నేరుగా నాలుగు స్క్రూలతో బిగుస్తుంది. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ రేడియో రిపేరు షాపు నడిపినవాడు, ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1950లో దాన్ని ఫ్యాక్టరీలో తేలిగ్గా తయారయ్యేలా, చెడిపోతే విప్పి మార్చుకునేలా డిజైన్ చేశాడు. ఇప్పుడు ఇంట్లో చేసుకునే మనకి ఆ సులువే కలిసొస్తుంది.

బాడీలో తప్పకూడనివి మూడే: నడిగీత, నెక్ గూడు, బ్రిడ్జి చోటు. మిగతావన్నీ చూడ్డానికి అందం. నెక్ చేతికొచ్చాకే గూడు కొయ్యాలి, ముందు కాదు. మామూలుగా నెక్ మొదలు 56 మి.మీ. వెడల్పు, గూడు లోతు 16 మి.మీ. అంటారు కానీ కంపెనీని బట్టి అర మి.మీ. తేడాలు ఉంటాయి, పైగా టెలీ నెక్ మొదలు నలుచదరంగా ఉంటే స్ట్రాట్‌ది (ఫెండర్ వాళ్లదే ఇంకో మోడల్) గుండ్రంగా ఉంటుంది. స్క్రూలు లేకుండా నెక్‌ని గూట్లో పెట్టి గిటార్‌ని ఎత్తితే ఊడిపడకూడదు, అంత బిగువు రావాలి. నెక్ బిగించాక రెండు చివరి తీగల చోట దారాలు కట్టి బ్రిడ్జి దాకా లాగి చూడండి, దారాలు ఫ్రెట్‌బోర్డు రెండు అంచులకీ సమానమైన దూరంలో పోవాలి. అప్పుడే బ్రిడ్జి బెజ్జాలకి గుర్తు పెట్టండి. సన్న తీగ శాడిల్‌ని (బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న దిమ్మెని) దాదాపు పూర్తిగా ముందుకి తెచ్చి 648 దగ్గర పెట్టండి, లావు తీగలు ఇంకొంచెం వెనక్కి పోవాలి కాబట్టి వాటికి వెనకాల చోటు మిగులుతుంది. బ్రిడ్జి కొనేటప్పుడు తీగలు బ్రిడ్జి వెనక అంచు నుంచే ఎక్కించే రకం తీసుకోండి. బాడీలోంచి తీగలు దూర్చే రకానికి ఆరు బెజ్జాలు నిలువుగా, ఒకే వరసలో పడాలి, చేతి డ్రిల్లుతో అది చాలా కష్టం.

రూటర్ గురించి: కచ్చితంగా కావాలి, కానీ మీదే అవ్వక్కర్లేదు. హైదరాబాద్‌లో జాలీ తలుపులు, పూజ గది డిజైన్లు కోసే సీఎన్‌సీ షాపులు బోలెడున్నాయి. డ్రాయింగ్ ఇచ్చి 12 మి.మీ. ఎండీఎఫ్‌లో టెంప్లేట్ (అచ్చు) ఒక్కటి కోయించుకోండి. తర్వాత జిగ్‌సాతో గీతకి రెండు మూడు మి.మీ. బయట కోసి, టెంప్లేట్ అతికించి, బేరింగ్ ఉన్న బిట్‌తో తెలిసిన మేస్త్రి దగ్గరో, అద్దెకి తెచ్చిన రూటర్‌తోనో అంచు తీయండి. ఒక్కసారికి మూడు నాలుగు మి.మీ. లోతే, అంతకంటే ఆశపడొద్దు. డ్రాయింగ్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించేటప్పుడు దానిమీదున్న స్కేలు గీతని టేపుతో కొలిచి చూసుకోండి, జిరాక్స్ షాపుల్లో పేజీకి సరిపడేలా కుదించేస్తుంటారు.

చేవ కలప:

తమ్ముడూ, మాది తరాలుగా వడ్రంగం పనే, గిటార్ల సంగతి పైన ఆయన చెప్పారు, నేను కలప సంగతి చెప్తాను. నీ దగ్గరున్నది బంగారం. అన్నేళ్లు ఇంట్లో ఉండి ఆరిన టేకు అంత తేలిగ్గా వంకరపోదు, వానాకాలంలో ఉబ్బడం, ఎండాకాలంలో పగలడం కూడా బాగా తక్కువ. కొత్త కలప కొంటే ఆ నమ్మకం ఉండదు.

కానీ ముందు మేకులు చూసుకో. ద్వారబంధాల్లో విరిగిన మేకులు, కొక్కేల మొదళ్లు లోపలే ఉండిపోతాయి, పైన సున్నం, రంగు పట్టి కనపడవు. గట్టి అయస్కాంతం ముక్క మీద నాలుగు వైపులా నెమ్మదిగా జరుపు. ఒక్క మేకు రూటర్ బిట్‌కి తగిలిందంటే బిట్ పోవడం సరే, ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. సామిల్లు వాడు కూడా మేకులున్న కలపని రంపం మీద పెట్టనివ్వడు.

సామిల్లులో మూడంగుళాల మందాన్ని రెండంగుళాలకి కోయించు, నాలుగు వైపులా చిత్రిక పట్టించు. ఐదంగుళాల పట్టీలు మూడు పక్కపక్కన అతికిస్తే చిత్రికలో కొంత పోయినా పదమూడు అంగుళాల బాడీ వెడల్పు హాయిగా వస్తుంది. అతికే అంచుల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడు, మధ్యలో వెలుగు కనపడితే ఇంకా చిత్రిక పట్టాలి. క్లాంపుతో లాగి సందు మూయాలని చూడకు, అది ఎప్పటికైనా విడుతుంది. టేకులో నూనె ఉంటుంది, జిగురుని పట్టనివ్వదు. అందుకని అంచులు చిత్రిక పట్టిన రోజే అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఫెవికాల్ రాసి బిగించెయ్. ఒక రోజంతా కదపకు.

బరువు మాట నిజమే. విదేశాల్లో వాడే ఆల్డర్‌తో బాడీ రెండు కిలోలు తూగితే టేకుతో మూడు కిలోల దగ్గరికి పోతుంది. భుజం లాగేస్తుంది. మందం తగ్గిద్దామంటే స్విచ్చికి, పాట్లకి (వోల్యూమ్, టోన్ తిప్పే గుండీల కింది భాగాలు) లోతు చాలదు. దానికి బదులు బాడీ 38 మి.మీ. మందంలో ఉంచి, పైభాగంలో నెక్ నుంచి బ్రిడ్జి దాకా మధ్య నాలుగంగుళాలు గట్టిగా వదిలేసి, రెండు పక్కలా లోపల తవ్వి, నీ పాత తలుపు పలకల్లోంచి 6 మి.మీ. రేకు తీసి పైన మూతలా అతికించు. చూడ్డానికి కూడా తాతగారి తలుపే కనపడుతుంది.

టేకు పొడి ముక్కుకి, చర్మానికి మంచిది కాదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా శాండ్ పేపర్ కూడా పట్టుకోవద్దు. వేలాడే బట్టలు వేసుకుని రూటర్ దగ్గరికి పోవద్దు.

కొవ్వూరు కుర్రాడు:

చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. తలుపు పలకతో పైమూత అన్న ఆలోచన విన్నాక మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, తనకి కూడా బాగా నచ్చింది. టెలీకే ఫిక్స్ అయ్యాను. సౌండ్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. టేకుతో సౌండ్ నిజంగా మారుతుందా?

శృతి పెట్టె:

ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ వినేది కలపని కాదు, ఉక్కు తీగ కదలికని. అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది, దాని పైన తీగ ఊగితే చుట్టలో కరెంటు పుడుతుంది. వీణకి కలప చాలా ముఖ్యం, అందుకే బొబ్బిలిలో పనస దుంగనే తొలుస్తారు, అక్కడ కలపే గాలిని కదిలించాలి. ఇక్కడ ఆ పని యాంప్ (యాంప్లిఫైయర్), స్పీకరు చేస్తాయి. మీకిష్టమైన ఆ మోడల్‌కి పేరిచ్చిన గిటారిస్టు లెస్ పాల్ 1940 ప్రాంతంలో చేసిన ప్రయోగపు గిటార్‌లో మధ్యభాగం మామూలు పైన్ దిమ్మె, దాని పేరు లాగ్, అంటే దుంగ, అది చక్కగా పలికింది. పికప్, దాని ఎత్తు, తీగలు, యాంప్ తెచ్చే తేడా ముందు టేకా వేపా అన్నది చాలా చిన్న విషయం అని నా గట్టి నమ్మకం. కదలకుండా నిలబడే కలప కావాలి, అది మీ దగ్గరుంది.

నెక్ కొనమన్న మాటకి మాత్రం నేను ఒప్పుకోను. క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే 1963లో కుర్రాడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టి వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ చేశాడు. నెక్‌కి వాడింది ఒక పాత ఇంటి నిప్పుగూడు చుట్టూ ఉన్న మహోగని కలప. దాంట్లో పుచ్చు బెజ్జాలుంటే అగ్గిపుల్లలతో పూడ్చాడు. ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలు వాళ్లమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. ఆ గిటార్‌తోనే లోకమంతా వాయించాడు. పాత ఇంటి కలపతో నెక్ చేసుకునే అవకాశం మీకూ వచ్చింది, వదులుకోవద్దు.

ఆరు తీగలు:

మే కథ నాకూ చాలా ఇష్టం. కానీ ఆ గిటార్‌కి తండ్రీకొడుకులకి దాదాపు రెండేళ్లు పట్టింది. ఈయన మొదటి గిటార్ వాయించుకునే స్థితికి రావడం ముఖ్యం. ద్వారబంధంలో చారలు నిలువుగా పోయే మంచి చేవ ముక్క ఒకటి, రెండున్నర అడుగులది, నెక్ కోసం పక్కన దాచుకోండి. రెండో గిటార్‌కి పనికొస్తుంది, బోల్టు నెక్ కాబట్టి నచ్చితే ఇదే బాడీకి కూడా మార్చుకోవచ్చు.

శృతి పెట్టె:

సరే, ఆ మాటకి ఒప్పుకుంటాను. ముక్క దాచుకోండి చాలు.

వైరింగ్ గురించి రెండు మాటలు. టెలీ పికప్‌లకి 250కె పాట్లు రెండు, మూడు స్థానాల స్విచ్చి, ఒక జాక్. హంబకర్ (రెండు చుట్టల పికప్) పెడితే 500కె. గూళ్ల లోపల రాగి రేకు అతికించి దాన్ని గ్రౌండ్‌కి కలపండి, ఫ్లాట్లలో ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఎల్‌ఈడీ లైట్ల వల్ల వచ్చే గొణుగుడు బాగా తగ్గుతుంది. బ్రిడ్జి కింద నుంచి వోల్యూమ్ పాట్ వెనక్కి ఒక తీగ తప్పకుండా రావాలి, దానికోసం సన్న బెజ్జం బ్రిడ్జి బిగించక ముందే వేయాలి.

ఇంకోటి, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ తీగ వల్ల గిటార్ తీగలన్నీ యాంప్ ద్వారా ఇంటి ఎర్త్‌కి కలుస్తాయి. యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాయిస్తే, యాంప్‌లో ఏదైనా లోపం వచ్చినప్పుడు ఆ కరెంటు నేరుగా మీ వేళ్లకి వస్తుంది. మీరు వాడే సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే ప్లగ్ పెట్టండి.

కొవ్వూరు కుర్రాడు:

ఎర్త్ సంగతి ఇంట్లో ఎప్పుడూ చూడలేదు, ఈ వారమే చూపిస్తాను. చివరిగా ఒక్కటి, పాలిష్ ఏది వేయాలి? బాడీ పూర్తయ్యేసరికి వానాకాలం వచ్చేస్తుంది.

చేవ కలప:

వానల్లో లాక్కర్ కొట్టకు, గాలిలో తేమకి తెల్లగా పాలు పట్టినట్టు అవుతుంది. టేకు నూనె వల్ల పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కూడా ఒక్కోసారి ఆరదు. ముందు పల్చగా లక్క పాలిష్ గుడ్డతో రెండు మూడు పూతలు రాసి నూనెని లోపలే ఆపి, దానిమీద ఎండ కాసే రోజుల్లో ఏదైనా వేసుకో. తొందరేం లేదు. అసలు పాలిష్ కంటే ముందే నెక్, బ్రిడ్జి, వైరింగ్ అన్నీ బిగించి తీగలు ఎక్కించి కొన్నాళ్లు వాయించు. గూడు సరిచేయాలన్నా, బెజ్జం పూడ్చాలన్నా పాలిష్ లేని చెక్క మీదైతే మచ్చ పడదు. అంతా కుదిరిందనుకున్నాక విప్పి పాలిష్ పెట్టు.