అప్‌డేట్: మా పికప్ క్రోమ్ చక్రాలు విప్పించి చూశాను

ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాళ్లు తోలే మా పికప్‌కు బయట కొన్న క్రోమ్ చక్రాలు (అల్యూమినియం మీద క్రోమ్ పూత వేసినవి) వేయించానని, 9 నెలలకే మచ్చలు పడ్డాయని, ఇవి ఎన్నాళ్లు మన్నుతాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే నాలుగూ విప్పించి చూశాను.

మూడు బాగున్నాయి. మచ్చలు తుప్పు కావు, సిమెంటు దుమ్ము తడిసి గట్టిపడిన పెచ్చులు. సబ్బునీటిలో తడిపిన మెత్తని గుడ్డ పావుగంట కప్పి ఉంచితే చాలావరకు ఊడి వచ్చాయి.

నాలుగోది మాత్రం పోయింది. నట్ల చుట్టూ పూత పొక్కి, గోరు పెడితే రేకులా లేచింది. కింద తెల్లటి పొడి. లోపలి అల్యూమినియం దెబ్బతింటోందన్నమాట. ఆ టైరులో వారానికోసారి గాలి ఎందుకు తగ్గుతోందో అప్పుడు అర్థమైంది: టైరు అంచు కూర్చునే చోట కూడా అదే పొడి!

ఆ చక్రానికి ముందే కంకర దెబ్బ తగిలి ఉంది. దానికి తోడు, బండి కడిగే చోట యాసిడ్ కలిపిన ద్రావణం వాడారు, అదీ చక్రం ఎండకు కాలుతున్నప్పుడు. పైన మెరిసే క్రోమ్ మందం సాధారణంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. అసలు కాపాడేది దాని కింది నికెల్ పొర. అది చిట్లిన చోట యాసిడ్ దిగితే ఎంత పాలిష్ చేసినా దక్కదు.

అదే కొలత, అదే ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్య నుంచి బండికి బిగించే ముఖం ఎంత దూరమో ఆ కొలత) ఉన్న మరో చక్రం తెప్పించాను. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాను. ఇప్పుడు చక్రాలు చల్లారాకే కడిగి, తుడిచి, మైనం రాస్తున్నాం. వానలు తగ్గాక మళ్లీ విప్పించి చూసి రాస్తాను.