క్యూబ్‌శాట్‌లో స్పేస్ వెదర్ పేలోడ్ పెడితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఈసీఈ_కుర్రాడు: మా కాలేజీలో క్యూబ్‌శాట్ (బుల్లి ఉపగ్రహం) టీమ్ మొదలైంది, అందులో రేడియేషన్ కొలిచే పేలోడ్, అంటే పరికరం, పెడదామని నేనంటున్నా, మావాళ్లేమో 2023లో శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్1 వెళ్లింది కదా ఇంకా ఇదెందుకు అంటున్నారు. ఏం చెప్పమంటారు?

నింగిచూపు: రెండిటి పని వేరు తమ్ముడూ. ఆదిత్య 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుడి నుంచి వచ్చేది చూస్తుంది, అది మనకి తగిలాక వాన్ ఆలెన్ బెల్టుల్లో (భూమి చుట్టూ రేడియేషన్ కణాలు చిక్కుకుని ఉండే వలయాలు) ఏమైందో తెలియాలంటే ఇక్కడ తిరిగేది కావాలి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల సీఐఆర్‌బీఈ అనే క్యూబ్‌శాట్ చూడు, చెప్పుల డబ్బా అంత ఉంటుంది అంతే, 2024 ఏప్రిల్‌లో మూగబోయింది, మేలో పెద్ద సౌర తుఫాను వచ్చి వెళ్లాక జూన్‌లో మళ్లీ పలికింది, డేటా చూస్తే మామూలు రెండు బెల్టుల మధ్య కొత్తగా ఇంకో రెండు! ఒకదాంట్లో ప్రోటాన్లు కూడా. నాకైతే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈసీఈ_కుర్రాడు: సూపర్ అన్నా! అంత చిన్నదాంట్లో డిటెక్టర్ ఎలా పట్టింది?

సర్క్యూట్_సుజాత: సిలికాన్ డిటెక్టర్లు ఒకదాని వెనక ఒకటి పేరుస్తారు, కణం ఎన్ని దాటుకుని లోపలికెళ్తే అంత ఎనర్జీ ఉన్నట్టు, పక్కల నుంచి దూరకుండా చుట్టూ బరువైన లోహపు కవచం. మీ బరువు బడ్జెట్ సగం అక్కడే పోతుంది, ముందే లెక్కేసుకోండి. దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ ఎక్కువ, అక్కడ వెళ్లేటప్పుడు మెమరీలో బిట్లు తిరగబడతాయి (0 కాస్తా 1 అవుతుంది) కాబట్టి ఎర్రర్ కరెక్షన్, కంప్యూటర్ బిగుసుకుపోతే రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ తప్పనిసరి.

నింగిచూపు: ఇంకోటి, తుఫాను వస్తే పైన గాలి ఉబ్బి డ్రాగ్ (ఉపగ్రహాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం) పెరుగుతుంది, సీఐఆర్‌బీఈ కూడా అలాగే కిందికి జారి అదే ఏడాది అక్టోబర్‌లో కాలిపోయింది. డేటా ఎప్పటికప్పుడు దించుకునేలా గ్రౌండ్ స్టేషన్ ముందు రెడీ చేసుకోండి.