యూరప్ హాస్టళ్లలో అయ్యే పరిచయాలు స్నేహాలవుతాయా? ఒంటరిగా వెళ్లాలా, మనవాళ్లతోనా?

సందీప్ (మాగ్డెబర్గ్):
ఇక్కడ జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాను. పరీక్షలయ్యాక ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, క్రాకోవ్ తిరగాలని ఉంది. క్లాసులో తెలుగువాళ్లం నలుగురం ఉన్నాం, ప్రతి ఊళ్లో అపార్ట్‌మెంట్ తీసుకుందాం అంటున్నారు. ఒక సీనియర్ మాత్రం "ఒక్కడివే వెళ్లు, హాస్టల్లో (ఉమ్మడి గదిలో మంచానికింత అని అద్దె) దిగు, అక్కడ దొరికే మనుషుల కోసమే ఆ తిరుగుడంతా" అంటున్నాడు. నిజమేనా? ఇంకోటి, చాలా దేశాల రైళ్లు ఎక్కడానికి ఒకే పాస్ ఉంటుంది కదా, నాకు యూరేల్ పాసా, ఇంటర్‌రైలా?

కిరణ్:
జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంది కాబట్టి ఇంటర్‌రైల్. యూరేల్ యూరప్ బయట ఉండేవాళ్లకి. 27 ఏళ్ల దాకా యూత్ ధర. జర్మనీలో మాత్రం ఆ పాస్ మీద బయటికి ఒక ప్రయాణం, తిరిగి రావడానికి ఒకటి, అంతే.

సుధ (లైప్జిగ్):
ఒక్కడివే వెళ్లు సందీప్. హాస్టల్లోనే దిగు.

వియన్నాలో నేను ఆడవాళ్ల డార్మ్‌లో, అంటే చాలా మంచాలుండే ఉమ్మడి గదిలో ఉన్నాను. సాయంత్రం వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన చిలీ అమ్మాయి వచ్చి తనూ తరగడం మొదలుపెట్టింది. మర్నాడు ఇద్దరం అక్కడి ఆపెరా హౌస్ స్టాట్‌సోపర్‌లో నిలబడి చూసే టికెట్లకి క్యూ కట్టాం. లోపలికి వెళ్లాక రెయిలింగ్‌కి స్కార్ఫ్ కట్టేస్తే ఆ చోటు మనదే, ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి నాకు తనే చెప్పింది. ఆ అమ్మాయి తర్వాత లైప్జిగ్ వచ్చి మా ఇంట్లో వారం ఉంది, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. నలుగురు తెలుగువాళ్లతో వెళ్తే ప్రాగ్‌లో ఉన్నా మాగ్డెబర్గ్ గదిలో ఉన్నట్టే ఉంటుంది.

వేణు (వరంగల్, ఇప్పుడు స్టుట్‌గార్ట్):
సుధక్కా, నీకు ఒక మంచి మనిషి దొరికింది. దాన్ని పట్టుకొని పిల్లగానికి అందరూ గట్లనే ఉంటరని చెప్పకు.

తమ్ముడూ, నాది విను. ప్రాగ్‌ల ఎనిమిది మంచాల రూమ్. రాత్రి కాంగనే అందరు పబ్ క్రాల్‌కు పోతరు, ఒక బార్ తర్వాత ఇంకో బార్ తిరుగుడు. నేను తాగ. పోతే గోడకు ఆనుకొని నిలబడాలె, పోకపోతే రూమ్‌ల ఒక్కన్నే. బుడాపెస్ట్‌ల నాతోని మంచిగనే మాట్లాడిన ఇద్దరు ఆస్ట్రేలియా పోరలు పొద్దున లేచి "లండన్ పోదాం, నువ్వూ రా" అన్నరు. వాళ్లకు వీసా అక్కర్లే. నాకు బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలె. చెప్తే "అయ్యో" అన్నరు, పోయిన్రు. ఆడనే పప్పుకు పోపు వేసుకుంటే వాసన అని ఎవరో రిసెప్షన్‌ల చెప్పిన్రు. మనవాళ్లతోని పో, కడుపునిండ తిను, మంచిగ చూడు.

లక్ష్మి:
హాస్టల్లో పోపు వేయకండి. పొగకి అలారం మోగితే ఫైర్ ఇంజన్ ఖర్చు మీ మీద పడొచ్చు. చాలా హాస్టళ్లలో అసలు వంటగదే ఉండదు, బుక్ చేసేముందు చూసుకోండి.

సుధ (లైప్జిగ్):
తాలింపు వేసుకోవచ్చు. కిటికీ తెరిచి, సన్న సెగ మీద, ఎండుమిర్చి మానేస్తే చాలు. నేను ప్రతిచోటా వేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

వేణు, పబ్ క్రాల్ పెట్టే హాస్టల్ ఎంచుకుని హాస్టళ్లన్నీ అంతే అంటే ఎలా? జర్మనీలో షిర్మాన్ అనే బడి పంతులు 1909లో పిల్లల్ని నడిపించుకుని వెళ్తూ గాలివానలో చిక్కుకుని, ఒక బళ్లో తలదాచుకున్న రాత్రి పుట్టిన ఆలోచన ఇది. 1912లో ఆల్టెనా కోటలో హాస్టల్ తెరిచారు. డబ్బు లేనివాళ్లు కూడా దేశం చూడాలనే కదా.

వేణు (వరంగల్, ఇప్పుడు స్టుట్‌గార్ట్):
అది బడి పిల్లల కోసం అక్కా. నేను అడిగింది పోపు గురించి కాదు, పంతులు గురించి కాదు. రేపు నాకు కష్టమొస్తే వాళ్లల్ల ఎవడు ఫోన్ ఎత్తుతడు? నాకు టైఫాయిడ్ వచ్చి పడుకుంటే అన్నం తెచ్చింది పక్క వీధిల ఉండే కరీంనగర్ పిల్లలు. నా నెత్తిమీద బ్యాంకు లోన్ ఉంది. హాస్టల్ల దొరికేటోళ్లు ఏడాది సెలవు పెట్టి తిరుగుతరు. మన దోస్తాన్ వాళ్లకు ఒక ఫోటో. నువ్వు మనవాళ్లను తక్కువ చేసి మాట్లాడుతున్నవ్, నాకు నచ్చలే.

రవి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

సుధ (లైప్జిగ్):
నెమ్మదిగానే చెప్తాను. నేను విడాకులు తీసుకుని ఈ దేశం వచ్చాను. ఇక్కడ మన సంఘం ఉగాదికి వెళ్తే మొదటి ప్రశ్న మీ ఆయన ఏం చేస్తారని. రెండో ప్రశ్న ఎందుకు విడిపోయారని. ఆదివారం నేనెవరితో కాఫీ తాగానో మంగళవారానికి గుంటూరులో మా అమ్మకి తెలిసిపోయేది. హాస్టల్ వంటగదిలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఏ ఊరు, రేపెక్కడికి, ఉప్పు ఉందా, అంతే. ఆ మనుషులు ఫోన్ ఎత్తకపోయినా నాకు బాధ లేదు వేణు. నీకు అన్నం తెచ్చినవాళ్లే నాకు ఊపిరాడకుండా చేశారు.

వేణు (వరంగల్, ఇప్పుడు స్టుట్‌గార్ట్):
ఇది ముందుగాల చెప్తే నేను గట్ల అనకపోదును అక్కా. ఆళ్లు చేసింది తప్పు. కాని నా ముచ్చట అట్లనే ఉంది. నిన్ను మనవాళ్లు ఇబ్బంది పెట్టిన్రు, నన్ను వాళ్లు పక్కన పెట్టిన్రు. ఈ పిల్లగానికి రెండూ కాలే. నీ గాయానికి మందు ఆయనకెందుకు?

సుధ (లైప్జిగ్):
నీ గాయానికి మందు మాత్రం ఆయనకెందుకు?

మాధవి:
సందీప్, ఈ ఇద్దరిలో నువ్వెవరిలా ఉంటావో నీకే తెలియాలి. నువ్వు తాగుతావా, కొత్తవాళ్లతో మాట కలుపుతావా, అది ముందు చెప్పు.

సందీప్ (మాగ్డెబర్గ్):
తాగను. మాట కలపడం కష్టమే, ముందు ఎవరైనా పలకరిస్తే మాట్లాడతాను. వియన్నాలో మాత్రం ఒక్కణ్నే దిగుతాను, వంటగది ఉన్న చిన్న హాస్టల్ దొరికింది. మిగతా మూడు ఊళ్లు మావాళ్లతో. వాళ్లకి ఇంకా చెప్పలేదు, కోపమొస్తుందేమో.

సుధ (లైప్జిగ్):
పలకరింపు కోసం చూడకు. నువ్వే ఉప్పు అడుగు.

వేణు (వరంగల్, ఇప్పుడు స్టుట్‌గార్ట్):
వాళ్లకు ఇయ్యాల్నే చెప్పు, టికెట్లు కొన్నంక చెప్తే మంచిగుండదు. లాకర్‌కు తాళం నీదే తీస్కపో. పాస్‌పోర్ట్ అసలుదీ, రెసిడెన్స్ కార్డూ రెండూ జేబుల ఉండాలె. తిరిగొచ్చేటప్పుడు జర్మనీ బార్డర్ల రైల్లోకి పోలీసులు ఎక్కి అడగొచ్చు, ఫోన్ల ఫోటో చూపిస్తే నడవదు.