కిడ్నీలు పాడైన మా లక్కీని ఎప్పుడు పంపించేయాలి? ఎలా తెలుస్తుంది?

ఎంవీపీ_లక్కీ_అక్క:
అందరికీ నమస్తే. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మా లక్కీ లాబ్రడార్, 12 ఏళ్లు దాటాయి. కిడ్నీలు పాడయ్యాయి, ఆఖరి స్టేజీ అన్నారు, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 5 దాటి చాలా రోజులైంది. మొదట్లో సెలైన్ ఎక్కిస్తే ఒకట్రెండు రోజులు తేరుకునేది, ఇప్పుడు పొద్దున ఎక్కిస్తే సాయంత్రానికే మళ్లీ నీరసం. వాంతులు, నోట్లోంచి ఘాటు వాసన. పెరుగన్నం ముట్టదు. అమ్మ నెత్తళ్లు వేయిస్తుంటే మాత్రం తలెత్తి వంటింటి వైపు చూస్తుంది, ఒకటి నోటికందిస్తే తీసుకుని, కాసేపు పళ్ల మధ్య పట్టుకుని, మెల్లగా నేల మీద పెట్టేస్తుంది. చూడలేకపోతున్నాను.

ఇంజెక్షన్‌తో బాధ లేకుండా పంపించేయడం గురించి డాక్టరుగారు మీరే ఆలోచించుకోండి అన్నారు. అమ్మేమో ప్రాణం పోయలేని వాళ్లం, తీసే హక్కు మనకెక్కడిది అంటుంది. నాన్న ఈ మాట ఎత్తితే చాలు, లేచి బయటికెళ్లిపోతారు. నా బాధ ఇంకోటి: నేను డ్యూటీ నుంచి వచ్చి బండి ఆపితే అది లేవలేకపోయినా తోక ఆడిస్తోంది. తోక ఆడిస్తున్నదాన్ని ఎలా పంపించమంటారు? మీలో ఎవరైనా ఈ నిర్ణయం తీసుకుని ఉంటే చెప్పండి, ఏం చూసి తీసుకున్నారు?

సీతమ్మధార_పిల్లులిల్లు:
అక్కా, తోక సంగతి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే అందరం అక్కడే ఆగిపోతాం. అది మీ కోసం ఆడించే తోక. తన ఒంట్లో బాగుందని చెప్పే తోక కాదు. మిమ్మల్ని చూడగానే ఓపిక కూడదీసుకుంటుంది, మీరు లోపలికెళ్లాక ఎలా ఉంటుందో మీకు తెలియదు కదా. మా ముసలి పిల్లికి బాగోలేనప్పుడు మేం చేసిన పని చెప్తాను: పాత ఫోను ఒకటి గది మూల పెట్టి, ఎవరూ లేనప్పుడు వీడియో తీశాం. ఎటు తిరిగి పడుకున్నా కుదరక, లేచి కూర్చుని, గోడకేసి చూస్తూ ఉండిపోయేది. మా ఆయనకి నేను ఎన్ని చెప్పినా ఒప్పుకోలేదు కానీ, ఆ వీడియో చూశాక ఇంకేం మాట్లాడలేదు.

ఇంకోటి, గోడ మీది క్యాలెండర్‌లో రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టండి, మంచి రోజా చెడ్డ రోజా అని. మనసు మంచి రోజునే గుర్తుపెట్టుకుంటుంది, కాగితం అన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

మధురవాడ_వెట్:
నేను పశువైద్యురాలిని. మీ డాక్టరు తప్పించుకున్నారని అనుకోకండి, సొంతవాళ్లు అడగకుండా ఆ మాట మా నోట రావడం కష్టం. "ఇది మీ కుక్కే అయితే మీరేం చేస్తారు?" అని సూటిగా అడగండి, సూటిగానే చెప్తారు.

మీరు రాసినదాన్ని బట్టి లక్కీకి ఆకలి చావలేదు, వికారం తినేస్తోంది. రక్తంలో మలినాలు పేరుకుపోతే కడుపులో తిప్పుతుంది, నోట్లో పుళ్లు కూడా పడతాయి. చేప తీసుకుని వదిలేస్తోందంటే కావాలనే ఉంది, మింగలేకపోతోంది. పెదవి ఎత్తి నోట్లో ఒకసారి చూడండి. వాంతులు ఆగే మందు ఇంకా మొదలుపెట్టకపోతే అది అడగండి. దయచేసి ఇంట్లో ఉన్న ఒంటినొప్పుల మాత్రలు మాత్రం వేయొద్దు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఉన్న కాస్త కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి.

నిర్ణయానికి పనికొచ్చే స్కేలు ఒకటుంది, 2004లో ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు తయారుచేశారు. నొప్పి (ఊపిరాడటం కూడా ఇందులోకే వస్తుంది), తిండి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు (10 అంటే బాగున్నట్టు, నొప్పికైతే నొప్పి లేనట్టు), మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు అని లెక్క. ఇంట్లో ముగ్గురూ ఒకరికి చూపించకుండా ఒకరు వేయండి. అంకె కంటే, ఎక్కడ ముగ్గురికీ తక్కువ మార్కులొచ్చాయో అది చూడండి. మన వైజాగ్ ఉక్కపోతకి రొప్పడం మామూలే, కానీ ఫ్యాన్ కింద పడుకుని కూడా రొప్పుతుంటే అది ఎండ వల్ల కాదు.

మార్కులు బాగా పడిపోతే రేపు చూద్దాంలే అనుకోకండి. కిడ్నీ కేసుల్లో ఆఖరికి ఫిట్స్ వచ్చి, అర్ధరాత్రి ఏ డాక్టరూ దొరక్క, అందరూ ఏడుస్తుండగా పోయిన కుక్కల్ని చూశాను. ఆ రాత్రి రాకముందే, కాస్త తేటగా ఉన్న రోజే పంపించడం దానికి మేలు.

సింహాచలం_పెద్దాయన:
తల్లీ, అమ్మగారిది మొండితనం కాదు, భయం, పాపం చుట్టుకుంటుందేమోనని. ఆవిడకి ఒక సంగతి చెప్పు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని బాధతో కొట్టుకుంటుంటే, గాంధీగారు డాక్టరుని పిలిపించి, దగ్గరుండి ఇంజెక్షన్ ఇప్పించారు. దేశమంతా కోపంగా ఉత్తరాలు రాసింది. ఆయన మాత్రం ఇది అహింసేనని పత్రికలో రాశారు. చీమను తొక్కడానికి వెనకాడే మనిషే అలా అన్నాడంటే అమ్మ కాస్త ఆలోచిస్తుంది. నాన్నగారిని బలవంతపెట్టకండి, ఆ రోజు గదిలో ఉండలేనంటే ఉండనక్కర్లేదు.

ఎంవీపీ_లక్కీ_అక్క:
నోట్లో చూశాను, నాలుక అంచుల్లో పుళ్లు ఉన్నాయి. మార్కులు వేశాం. నాన్న వేసినవే అందరికంటే తక్కువ. అమ్మ కాగితం చాలాసేపు పట్టుకుని కూర్చుని, శనివారం స్నానం చేయించి దేవుడి బొట్టు పెట్టాక అయితే సరే అంది. ఇంటికి వచ్చే డాక్టరుని మాట్లాడాను. ఎలా చేస్తారో ముందే చెప్పగలరా? ఆనందపురం దగ్గర మావయ్యగారి స్థలంలో పూడుద్దామనుకుంటున్నాం. ఇంట్లో పిల్లి కూడా ఉంది, దాన్ని వేరే గదిలో పెట్టాలా?

మధురవాడ_వెట్:
ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, మామూలుగా నిద్రపోతుంది. బాగా నిద్రపట్టాక కాలి నరంలోకి మత్తుమందే ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు, కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగిపోతుంది. కళ్లు మూసుకోవు. అయిపోయాక కూడా ఒకట్రెండు సార్లు ఊపిరి లాగినట్టు ఉండొచ్చు, మూత్రం పోవచ్చు. అది నొప్పి కాదు, అమ్మకి ముందే చెప్పి ఉంచండి, కింద పాత దుప్పటి వేయండి. మత్తు లేకుండా నేరుగా చేస్తానంటే ఒప్పుకోవద్దు.

గొయ్యి నాలుగడుగులకి తగ్గకుండా తవ్వించండి, బావికి దూరంగా. ఆ మందు ఒంట్లోనే ఉండిపోతుంది, వీధికుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణాలకీ ముప్పే. పిల్లిని ముందు వేరే గదిలో పెట్టి, అయిపోయాక తీసుకొచ్చి వాసన చూడనివ్వండి, లేకపోతే కొన్ని పిల్లులు తోడు కోసం ఇల్లంతా వెతుక్కుంటూ తిరుగుతాయి.